అచ్చుల పాటకు హల్లుల తాళం

'ఘోస్ట్స్' అని ఒకసారి పైకి అనండి. 'ఘో' దగ్గర నోరు హాయిగా తెరుచుకుంటుంది. ఆ వెంటనే మూడు పొల్లు హల్లులు వరసగా వచ్చి తలుపేసేస్తాయి. ఇప్పుడు 'అమీకో' అనండి. చివర ఓకారం. ఊపిరున్నంతసేపు సాగదీయొచ్చు, దానిమీద చిన్న గమకం వేయొచ్చు, ఇష్టమైనప్పుడు మెల్లగా దించొచ్చు.

1972 నవంబరులో మిలాన్ బ్యాండు ఒకటి 'పెర్ ఉన్ అమీకో' అనే ఆల్బమ్ తెచ్చింది. 'ఒక మిత్రుడి కోసం' అని అర్థం. మరుసటి ఏడే ఆ బాణీలు లండన్ చేరి, ఇంగ్లిష్ మాటలు తొడుక్కుని, 'ఫొటోస్ ఆఫ్ ఘోస్ట్స్' అన్న పేరుతో బయటికొచ్చాయి. మిత్రుడు పోయాడు, దెయ్యాల ఫొటోలు మిగిలాయి.

ఆ బ్యాండు పూర్తి పేరు ప్రెమియాటా ఫోర్నెరియా మార్కోనీ. తెలుగులో చెప్పాలంటే 'బహుమతి పొందిన మార్కోనీ రొట్టెల బట్టీ'. ఉత్తర ఇటలీలో బ్రెషా దగ్గర కియారి అనే ఊళ్లో ఉన్న బేకరీ పేరును తెచ్చి, ముందు 'ప్రెమియాటా' తగిలించి పెట్టుకున్నారు. మన దగ్గర ఎవరైనా రాక్ బ్యాండు పెట్టి 'బంగారు పతకం పొందిన ఫలానావారి మిఠాయి అంగడి' అని పిలుచుకున్నట్టు. విదేశాల్లో ఆ పేరు నోరు తిరిగేది కాదు కాబట్టి పీఎఫ్‌ఎం అని మూడక్షరాలకు కుదించారు. ఇంగ్లిష్ కోసం వాళ్లు వదులుకున్నవాటిలో మొదటిది ఆ రొట్టెల వాసన.

ఊరూపేరూ లేని కుర్రాళ్లు కారు వీళ్లు. డ్రమ్స్ వాయించే ఫ్రాంజ్ డి చోచో, గిటారిస్టు ఫ్రాంకో ముసీదా, కీబోర్డ్స్ మీద ఫ్లావియో ప్రెమోలీ, బేస్ గిటారిస్టు జార్జో పియాజ్జా, అప్పటికే మిలాన్ స్టూడియోల్లో చేయి తిరిగినవాళ్లు. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో పొద్దున ఒక సంగీత దర్శకుడికి, సాయంత్రం ఇంకొకరికి వాయించిన వాద్యకారులుండేవారే, సరిగ్గా ఆ బాపతు. లూచో బత్తిస్తీ పాటల వెనక, 1970లో గాయకుడు ఫాబ్రిజియో దే ఆంద్రే ఆల్బమ్ 'లా బ్యువోనా నొవెల్లా' వెనక ఉన్నది వీళ్ల చేతులే. ఫ్లూట్, వయొలిన్ రెండూ వాయించగల మౌరో పగానీ వచ్చి కలవడంతో బ్యాండుకు అసలు రంగు వచ్చింది. ఒక పక్క కింగ్ క్రిమ్సన్ తరహా ఇంగ్లిష్ రాక్, ఇంకో పక్క ఇటలీ పల్లె జాతరల్లో గెంతే తాళం. ఈ రెండూ ఒకే పాటలో ఇమిడిపోయేవి.

ముందు వచ్చిన దారి ఎటు?

అసలు పాటకు భాష మార్చడం ఇటలీకి కొత్త కాదు. అరవైల్లో ప్రవాహం అటునుంచి ఇటు సాగేది. ఇంగ్లిష్ పాట హిట్టయితే చాలు, ఇటాలియన్ మాటలతో ఎవరో ఒకరు పాడేసేవారు. ఇందులో మహా చెయ్యి మొగోల్‌ది. అసలు పేరు జూలియో రపెత్తీ. 'కాలిఫోర్నియా డ్రీమిన్'', 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' పాటలకు ఇటాలియన్ మాటలు కట్టింది ఆయనే. ఇంగ్లిష్ గాయకులు కూడా ఇటలీ మార్కెట్ కోసం ఇటాలియన్‌లో పాడి పంపేవారు. డేవిడ్ బొవీ 'స్పేస్ ఆడిటీ' తెలుసుగా, అంతరిక్షంలో తప్పిపోయిన వ్యోమగామి కథ. దాన్నే బొవీ 1970లో ఇటాలియన్‌లో విడుదల చేశాడు. మొగోల్ చేతిలో వ్యోమగామీ లేడు, రాకెట్టూ లేదు. ఒంటరి అబ్బాయి, ఒంటరి అమ్మాయి. బాణీలో మాత్రం ఒక్క స్వరం కదల్లేదు. పీఎఫ్‌ఎం సభ్యులు కూడా అంతకుముందు 'ఇ క్వెల్లి' అన్న పేరుతో ఉన్నప్పుడు విదేశీ పాటల ఇటాలియన్ రూపాలు పాడినవాళ్లే.

మనకి ఇది అర్థం కాకపోవడానికేం లేదు. 1992లో 'రోజా' తెలుగులోకి వచ్చినప్పుడు రాజశ్రీ గారు రాసిన మాటలు అరవంలోని మాటలకు నీడలా నడవలేదు. ఆ ట్యూనుకు తెలుగు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో చూసుకుని రాశారు. ట్యూనుకు రాయడమంటేనే అది. కాకపోతే డబ్బింగ్ పాటలో తెరమీది పెదవికి కూడా లెక్క చెప్పాలి. రాక్ ఆల్బమ్‌కు ఆ బాధ లేదు. బదులుగా ఇంకో బాధ ఉంది. పాడేవాడు అతనే. నిన్నటిదాకా తన భాషలో పాడిన పాటను ఇవాళ తనది కాని భాషలో, తన గొంతుతోనే పాడాలి.

పీఎఫ్‌ఎంను ఇంగ్లిష్ వైపు నడిపించింది గ్రెగ్ లేక్. ఎమర్సన్ లేక్ అండ్ పామర్ బ్యాండు ఇటలీ వచ్చినప్పుడు వీళ్ల పాట ఆయన చెవిన పడింది. తమ సొంత లేబుల్ మాంటికోర్‌లోకి తీసుకున్నాడు. సింహం ఒళ్లు, మనిషి మొహం, తేలు తోక ఉన్న పురాణ జంతువు పేరది. మాటలు రాసే పని పీట్ సిన్‌ఫీల్డ్‌కు అప్పగించారు. కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్‌కు మాటలు రాసినాయన. పీఎఫ్‌ఎం కుర్రాళ్లు పూజించిన బ్యాండు అది. దేవుడే దిగొచ్చి మాటలు రాస్తానంటే ఎవరు కాదంటారు!

ఏడు పాటల్లో ఏం జరిగింది

సిన్‌ఫీల్డ్ అనువాదం జోలికి పోలేదు. బాణీ విన్నాడు, తనకు తోచిన లోకం కట్టాడు. పేర్లు చూస్తేనే సంగతి తెలుస్తుంది. 'అప్పేనా ఉన్ పో', అంటే 'కాస్తంత' లాంటి మాట. అది 'రివర్ ఆఫ్ లైఫ్' అయి కూర్చుంది. కాస్తంత అన్నది జీవన నది అయ్యేసరికి పాట భుజాల మీద ఎంత బరువు పడిందో చూడండి. 'జెరానియో' ఒక పువ్వు పేరు. మన పెరళ్లలో కుండీల్లో కనిపించే జెరేనియమే. అది 'ప్రొమెనాడ్ ది పజిల్' అయింది. పువ్వు కాస్తా పొడుపు కథ అయింది.

నాకు అన్నింటికంటే ముచ్చటేసేది 'జెనెరాలే'. సైన్యాధిపతి అని అర్థం. ఇటాలియన్‌లో అది మాటల్లేని వాద్య రచన. మార్చింగ్ లాంటి తాళం, మధ్యలో తుళ్లింతలు, ఎక్కడా గొంతు లేదు. ఇంగ్లిష్ ఆల్బమ్‌లో దానికి మాటలొచ్చాయి. పేరు 'మిస్టర్ నైన్ టిల్ ఫైవ్'. సైన్యాధిపతి ఉద్యోగం ఊడి, తొమ్మిదింటికి వెళ్లి ఐదింటికి ఇంటికొచ్చే గుమాస్తా అయ్యాడు. ఇంగ్లిష్ శ్రోతకు మాటల్లేని పాట అంత సేపు వినిపిస్తే రేడియోవాళ్లు వేయరని భయపడ్డారో ఏమో. నా మట్టుకు నాకు ఆ జనరల్‌నే తిరిగి తెచ్చుకోవాలని ఉంటుంది. మౌనంగా నడిచేవాడిని పట్టుకుని మాట్లాడించినట్టుంది ఆ పాట.

'ఎ ఫెస్తా' అంటే పండగ. అది 'సెలబ్రేషన్'గా మారింది. మొత్తం ఆల్బమ్‌లో అర్థం చెక్కుచెదరకుండా సరిహద్దు దాటిన పేరు ఇదొక్కటే. పాట కూడా అంతే హాయిగా దాటింది. ఎందుకంటే దాని ప్రాణమంతా మాటల్లో లేదు, కీబోర్డు మీద గిరగిర తిరిగే ఆ గెంతుల వరసలో ఉంది. జాతరలో డప్పు వినపడితే ఏ భాషవాడైనా కాలు కదుపుతాడు. బయటి దేశాల్లో పీఎఫ్‌ఎం అనగానే జనానికి గుర్తొచ్చిన పాట ఇదే.

'ఓల్డ్ రెయిన్' ఈ ఆల్బమ్ కోసం చేసిన కొత్త ముక్క. మాటల్లేవు. మెత్తగా వచ్చి వెళ్లిపోతుంది.

పేరు పాటను పక్కనపెడితే ఇక మిగిలింది 'ఇల్ బాంకెత్తో', విందు. దీన్ని ఇంగ్లిష్ చేయలేదు. ఇంగ్లిష్ శ్రోత కోసం తయారైన ఆల్బమ్‌లో, ఇంగ్లిష్ కవి మాటలున్న పాటల మధ్యలో, ఈ ఒక్క పాటను ఇటాలియన్‌లోనే ఉంచేశారు. రెండు ఆల్బమ్‌లూ వెంటవెంటనే వింటే ఒక తమాషా గమనిస్తారు. ఇంగ్లిష్ పాటల్లో గొంతు జాగ్రత్తగా నడుస్తుంటుంది, అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలా వద్దా అని ఆలోచించే మనిషిలా. 'ఇల్ బాంకెత్తో' మొదలవగానే ఆ గొంతే ఒళ్లు విరుచుకుంటుంది. వాక్యం చివర అచ్చు దొరికింది కదా! ఆగక్కర్లేదు, మూయక్కర్లేదు.

ఇక్కడే మనకూ ఇటలీకీ ఉన్న చుట్టరికం పనికొస్తుంది. తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అని పొగిడిన మాట స్కూల్లో విన్నదే. పొగడ్త సంగతి పక్కనపెడితే అందులో ఉన్న వ్యాకరణం నిజం. రెండూ అజంత భాషలే, దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. అజంత భాషలో పుట్టిన బాణీకి చరణం చివర అచ్చు ఉంటుందన్న నమ్మకం ఉంటుంది. అందుకే అక్కడ స్వరాన్ని పొడుగ్గా వదిలేస్తుంది. ఆ చోట ఇంగ్లిష్ మాట తెచ్చి పెడితే గాయకుడికి రెండే దారులు. మధ్యలో ఉన్న అచ్చును సాగదీసి చివర్లో హల్లును చటుక్కున అతికించాలి, లేదా స్వరాన్నే కురచ చేయాలి. సిన్‌ఫీల్డ్ మంచి కవి, కాదనను. కానీ ఏ కవి అయినా 'లైఫ్' అన్న మాట చివర ఫకారాన్ని పాడించలేడు.

యాస గొడవ ఇంకోటి. ముసీదా, ప్రెమోలీ గొంతుల్లో ఇంగ్లిష్ పలుకు అటూఇటూ ఒరిగేది. యాస ఉండటం తప్పు కాదు. 1981లో 'ఏక్ దూజే కే లియే' కోసం బాలసుబ్రహ్మణ్యం హిందీలో పాడితే, హిందీ రాని దక్షిణాది కుర్రాడి పాత్రకు ఆ పలుకు కథలో భాగమై జాతీయ అవార్డు తెచ్చింది. పీఎఫ్‌ఎం పాటల్లో అలాంటి పాత్ర లేదు. ఇటలీ కుర్రాళ్లు పాడుతున్నారని మాటలకు తెలియదు. ఇంగ్లిష్ కవి తన ఊహల్లో తిరుగుతుంటాడు, ఇటలీ గొంతు అతని వెనక సామాను మోస్తుంటుంది.

మోగేది మోగ్

ఇంత చెప్పి, ఆ ఇంగ్లిష్ ప్రయత్నం దండగ అంటే మాత్రం అన్యాయమే. 'ఫొటోస్ ఆఫ్ ఘోస్ట్స్' అమెరికాలో బిల్‌బోర్డ్ 200 జాబితాలో 180వ స్థానం దాకా వెళ్లింది. అంకె చిన్నదిగా కనిపిస్తుంది. మిలాన్ నుంచి వచ్చిన బ్యాండుకు 1973లో అది చిన్నది కాదు. ఆ టికెట్టు మీదే 1974లో అమెరికా పర్యటన చేశారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో, టొరంటోలో వాయించింది రికార్డు చేసి ఇటలీలో 'లైవ్ ఇన్ యూఎస్ఏ' అని, అమెరికాలో 'కుక్' అని విడుదల చేశారు. రొట్టెల బట్టీకి వంటవాడి పేరు పెట్టడం ఎవరి ఆలోచనో గానీ బాగుంది. అందులో పగానీ వయొలిన్ చెలరేగి చెలరేగి చివరికి రొస్సీనీ 'విలియం టెల్' ఓవర్చర్‌లోకి దూకుతుంది. వందేళ్లు దాటిన ఇటలీ సంగీతం. దానికి పాస్‌పోర్ట్ అక్కర్లేకపోయింది, అనువాదమూ అక్కర్లేకపోయింది.

అదే ఏడు ఇంకో ఇంగ్లిష్ ఆల్బమ్ వచ్చింది, 'ది వరల్డ్ బికేమ్ ది వరల్డ్'. దాని పేరు పాట వింటేనే మొత్తం వ్యవహారం అరచేతిలో కనిపిస్తుంది. ఇటాలియన్‌లో అది 'ఇంప్రెస్సియోనీ ది సెత్తెంబ్రే', బ్యాండు తొలి ఆల్బమ్ 'స్తోరియా ది ఉన్ మినూతో'లోది. మాటలు మొగోల్‌వి. సెప్టెంబరు ఉదయం, మంచు, తడి గడ్డి, పొలంలో నడుస్తూ తనెవరో తేల్చుకోలేని మనిషి. చరణం గిటారు మీద మెల్లగా సాగుతుంది. పల్లవి రావాల్సిన చోటు వస్తుంది. గాయకుడు నోరు మూసుకుంటాడు. ఆ జాగాలో మోగ్ సింథసైజర్ ఒక్కసారిగా లేస్తుంది. వెడల్పాటి, బరువైన, ఆకాశమంత వరస. ఇటలీలో ఆ పాట తెలిసినవాళ్లంతా కలిసి పాడేది ఈ మాటల్లేని చోటే.

(ఆ వాద్యం కనిపెట్టినాయన పేరును సరిగ్గా పలికితే 'మోగ్' అనాలట, చాలామంది అనేట్టు 'మూగ్' కాదు. తెలుగువాడికి ఇంతకంటే తగిన పేరు ఇంకేముంటుంది. మోగేది మోగ్.)

ఇంగ్లిష్ చేసినప్పుడు చరణాల్లో మొగోల్ మాటలు పోయి సిన్‌ఫీల్డ్ మాటలొచ్చాయి. ఉదయపు పొలం పోయింది. పల్లవి మాత్రం అలాగే ఉంది, మార్చడానికి అందులో మాటే లేదు కదా. మిలాన్‌లో విన్నవాడూ న్యూయార్క్‌లో విన్నవాడూ చరణాల దగ్గర వేరువేరు పాటలు విని, పల్లవి దగ్గర ఒకే పాటలో కలుసుకున్నారు. నన్నడిగితే పీఎఫ్‌ఎంకు బయటి దేశాల్లో అభిమానులను సంపాదించింది సిన్‌ఫీల్డ్ ఇంగ్లిష్ కాదు. ఇంగ్లిష్ గుమ్మం దాకా తెచ్చింది, లోపల కూర్చోబెట్టింది ఈ మాటల్లేని జాగాలే.

ఆ రోజుల్లో ఇటలీ నుంచి ఇదే బాటలో ఇంకొందరు నడిచారు. వెనిస్ ప్రాంతపు బ్యాండు లె ఓర్మె రెండు గ్రహాల కథగా చేసిన 'ఫెలోనా ఎ సొరోనా'కు పీటర్ హామిల్ ఇంగ్లిష్ మాటలు రాశాడు. బాంకో బ్యాండు 1975లో మాంటికోర్ కోసం పాత పాటలు కొన్ని ఇంగ్లిష్‌లో పాడింది. గట్టిగా నిలబడ్డవి వాళ్ల ఇటాలియన్ రికార్డులే.

పీఎఫ్‌ఎం అక్కడితో ఆగలేదు. పలుకు సమస్యకు మందుగా బెర్నార్దో లాంజెత్తీని తెచ్చుకున్నారు. అంతకుముందు ఆక్వా ఫ్రాజిలే అనే బ్యాండులో ఇంగ్లిష్‌లోనే పాడిన గాయకుడు. అతనితో చేసిన 'చాక్లెట్ కింగ్స్' మొత్తం ఇంగ్లిష్. ఇటలీలో వచ్చిన అట్ట మీద చాక్లెట్ బిళ్లకు అమెరికా జెండా చుట్టి ఉంటుంది. అమెరికాకు నచ్చాలని ఇంగ్లిష్ నేర్చుకుని, ఆ ఇంగ్లిష్ ఒంటబట్టగానే చేసిన పని అమెరికా మీద వ్యంగ్యం! ఆ తెగువకు నేను చేతులెత్తి మొక్కుతాను. అమ్మకాల లెక్కలు చూసుకునేవాడు మాత్రం మొక్కడు.

1978 ఆల్బమ్‌తో బ్యాండు ఇటాలియన్‌లోకి తిరిగొచ్చింది. ఆ ఏడు చివర, పూర్వం స్టూడియోలో తెర వెనక ఎవరికి వాయించారో ఆ దే ఆంద్రేతోనే వేదికెక్కారు. ఆయన పాత పాటలకు వీళ్లు కొత్త వాద్య రూపం కట్టారు. 1979లో విడుదలైన ఆ కచేరీ రికార్డు ఇటలీలో ఇంటింటి వస్తువు. అప్పటికే బ్యాండు వదిలేసిన పగానీ ఇంకో అడుగు లోపలికి వెళ్లాడు. 1984లో దే ఆంద్రేతో కలిసి 'క్రూజా దె మా' చేశాడు. ఇటాలియన్‌లో కూడా కాదు, జెనోవా రేవు జనం మాట్లాడుకునే పలుకుబడిలో. ఇటలీలోనే ఎంతోమందికి మాట అర్థం కాని ఆ ఆల్బమ్, ఆ దేశం గర్వంగా చూపించుకునే రికార్డుల్లో ఒకటైంది. ఇంగ్లిష్‌లో ప్రపంచాన్ని వెతికినవాడు దాన్ని ఒక ఓడరేవు యాసలో పట్టుకున్నాడు.

ఎరుపు ఎక్కడిది?

ఇటలీ ఒక్కదాని గొడవ కాదు ఇది. జర్మన్ బ్యాండు నేనా 1983లో పాడిన '99 లుఫ్త్‌బలోన్స్' గాలి బుడగల పాట. జర్మన్‌లో ఆ బుడగలకు రంగు లేదు. ఇంగ్లిష్‌లో అవి 'రెడ్ బెలూన్స్' అయ్యాయి. జర్మన్ మాటలో ఉన్నన్ని అక్షరాలు ఇంగ్లిష్ మాటలో లేక తాళంలో జాగా మిగిలింది. ఆ ఖాళీలో 'రెడ్' పెట్టి పూడ్చారు. మన సినిమా కవులు మాత్ర తగ్గినచోట 'ఓ' అనో 'లే' అనో వేసినట్టే, కాకపోతే వీళ్లు రంగు వేశారు. ఆ ఇంగ్లిష్ పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అమెరికాలో మాత్రం జర్మన్ పాటే రెండో స్థానం దాకా వెళ్లింది. అమెరికా శ్రోతకు ఇంగ్లిష్ లేనిదే ఎక్కదన్న సిద్ధాంతానికి ఇంతకంటే చెంపపెట్టు ఉండదు. అంతకుముందే, 1975లో, క్రాఫ్ట్‌వర్క్ వారి జర్మన్ పాట 'ఆటోబాన్' అమెరికా చార్టులో 25వ స్థానం చూసింది.

క్రాఫ్ట్‌వర్క్‌కు భాష మార్చడం చాలా తేలిక. 1977 నుంచి జర్మన్‌లో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి ఆల్బమ్‌లు వదిలారు. వాళ్ల పాటలో మాట స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ లాంటిది. ఏ భాషలో చెప్పినా రైలు అదే. పీఎఫ్‌ఎం పాటలో మాట అమ్మ పిలుపు లాంటిది, భాష మారితే పిలిచిన మనిషే మారిపోతుంది. స్వీడన్ బ్యాండు కెంట్ 'ఇసోలా', 'హాగ్నెస్టా హిల్' ఆల్బమ్‌లను ఇంగ్లిష్‌లో మళ్లీ పాడి చూసింది. ఆ రెండింటితో ఆ ముచ్చట తీరింది. తర్వాత 2016లో బ్యాండు విడిపోయేదాకా స్వీడిష్‌లోనే పాడుకుంటూ స్వదేశంలో శిఖరాన కూర్చుంది.

2021 మే నెలలో రోమ్ కుర్రాళ్ల రాక్ బ్యాండు మోనెస్కిన్, రోటర్‌డామ్‌లో యూరోవిజన్ పోటీ గెలిచింది. పాడింది ఇటాలియన్‌లో. మన ముచ్చట కూడా ఒకటుంది. 'ఆర్ఆర్ఆర్' విదేశాల్లో నెట్‌ఫ్లిక్స్ మీద హిందీ డబ్బింగ్‌లో తిరిగింది. అంటే అక్కడ చాలామంది మొదట విన్నది 'నాచో నాచో'. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడింది మాత్రం 'నాటు నాటు'. 'టు' చివర ఉకారంతో సహా.

మోనెస్కిన్ గెలిచిన ఏడాదే, అక్టోబరులో, పీఎఫ్‌ఎం కూడా కొత్త ఆల్బమ్ తెచ్చింది. 'హో సొన్యాతో పెకొరె ఎలెత్త్రికె', విద్యుత్ గొర్రెల కల. యాభై ఏళ్ల కిందట మొదటి డ్రమ్ము కొట్టిన డి చోచో అందులోనూ ఉన్నాడు. పెట్టె తెరిస్తే రెండు డిస్కులుంటాయి. ఒకటి ఇటాలియన్, ఒకటి ఇంగ్లిష్. 2017 నాటి ఆల్బమ్ కూడా అలాగే వచ్చింది. ఒకదాని బదులు ఇంకొకటి కాదు, పక్కపక్కన రెండూ. ఏది పెట్టుకోవాలో వినేవాడి ఇష్టం.

సిన్‌ఫీల్డ్ 2024 నవంబరులో, గ్రెగ్ లేక్ 2016 డిసెంబరులో కన్నుమూశారు. పాటలు మాత్రం మిగిలే ఉన్నాయి. మీరు ఈ ఆదివారం వినాలనుకుంటే ముందు 'పెర్ ఉన్ అమీకో' పెట్టుకోండి, అరగంట పైచిలుకు అంతే. మాట అర్థం కాకపోయినా పర్లేదు. ఆ తర్వాత 'ఫొటోస్ ఆఫ్ ఘోస్ట్స్' వినండి. 'ఇల్ బాంకెత్తో' వచ్చినప్పుడు గొంతు మారిందో లేదో మీ చెవినే అడగండి.